వీపుకంటిన మట్టి

తాండూరు,
12-5-1957

చిరంజీవి నర్సప్పకు అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ నాయనా బాగున్నాం, ఎర్రావు ఈనింది. షోలాపూరు మిల్లు దుమ్ముకు పట్టిన నీ దగ్గు తగ్గిందో లేదో రాయనేలేదు. రాసిందంతా కుస్తీల సంగతే. నాయన కొడుకువే!

నువ్వు కుస్తీ నేర్చుకునే తాలీం గోడ మీద పాత పహిల్వాన్ల పేర్లు రాయిస్తున్నారని, మీ నాయన జంగప్ప వీపుకు ఎన్నడూ మట్టి అంటలేదన్నది నిజమేనా అని మీ ఉస్తాదు అడిగాడని రాశావు. గుల్బర్గా నుంచి, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు కూడా మీ నాయనను పడగొట్టలేకపోయారు. గెలిచిన వెండి కడియాలు పెట్టెలోనే ఉన్నాయి. బొంబాయి దాకా ఆయన పోలేదు కాబట్టి దేశంలో ఎంతటివాడో నాకు తెలియదు. మన నాలుగు తాలూకాల్లో మాత్రం ఆయనకు సాటి ఎవడూ లేడు. పెళ్లాం మాట అనుకుంటే అనుకో.

ఇక చెప్పడానికి వెనకాడుతున్న సంగతి. మొన్నటి జాతరలో ఎప్పటిలాగే మొదట కొత్తవాళ్లకు కొబ్బరికాయ కుస్తీ, చివర పెద్ద పహిల్వాన్లకు కడియం కుస్తీ పెట్టారు. కొబ్బరికాయ కుస్తీకి బంట్వారం నుంచి కూలిపని చేసుకునే మత్తయ్య లంగోటా కట్టుకుని దిగాడు. ఒకప్పుడు వాళ్ల కులంవాళ్లను గోదా అంచుకు కూడా రానిచ్చేవారు కాదు. ఇప్పుడు రానిచ్చారు గానీ, అతనితో పట్టడానికి ఒక్కడూ లేవలేదు. పాపం, తల వంచుకుని నిలబడ్డాడు. పెద్దల నడుమ కూర్చున్న మీ నాయన పాగా తీసి పక్కవాడి చేతిలో పెట్టాడు. "జర పట్టుకో" అని తానే దిగాడు.

చాలాసేపు పట్టారు. చివరికి మత్తయ్య ఆయనను వెల్లకిలా పడేశాడు.

"పెద్దమనిషి గదా, కావాలని పడ్డడు" అన్నారు జనం. ఇంటికొచ్చాక వీపు కడుగుతూ నేనూ అదే అడిగాను. ఎంత కోపం వచ్చిందో!

"నేనిస్తే అది దానమైతది కొండమ్మా. వాడు గెలిచిండు. నా మోకాలు వణికింది, వాడు లేపి ఏసిండు. గంతే!"

ఇప్పుడు సంతలో, చాయ్ కొట్టు దగ్గర, కనబడినవాళ్లందరికీ నిజంగానే ఓడిపోయానని చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. నమ్మనివాళ్లతో పోట్లాట కూడా.

గెలిచిన కొబ్బరికాయ మత్తయ్య మన ఇంటికే తెచ్చాడు. గడప బయటే ఆగిపోతే నాయన చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చాడు. ముగ్గురం కూర్చుని తిన్నాం. "ఇగ నేను గోదాల దిగ, నువ్వే దిగాలె" అన్నాడు అతనితో. నాకు ఏడుపొచ్చింది, బాధతో కాదు. పెళ్లైన నాటి నుంచి ప్రతి జాతరకూ ఈయన మెడ విరుగుతుందేమోనని వణికినదాన్ని. ఆ ఫికరు తీర్చినందుకు మత్తయ్య చల్లగా ఉండాలి. ఇట్లాంటి మనిషిని నాకిచ్చినందుకు దేవునికి దండం పెట్టుకున్నాను.

గోడ సంగతి ఆయననే అడిగాను. అన్నది అన్నట్టే రాస్తున్నాను, మీ ఉస్తాదుకు చెప్పు: "నా పేరు రాస్తే రాయమను. వీపుకు మట్టి అంటలేదని మాత్రం రాయొద్దు. బంట్వారం మత్తయ్య అంటించిండని రాయమను."

ఇట్లు,
ఆ మట్టి కడిగిన మీ అమ్మ,
కొండమ్మ