రిబ్బను కట్టిన మొక్కలు

జూన్ 21, ఆదివారం
వాన తెరిపిచ్చాక

అక్కయ్యకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. నేనూ పెద్దమ్మా ఇక్కడ కులాసా అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. నువ్వూ బావా కులాసాగా ఉన్నారా అని మాత్రం అడగను. మీరెప్పుడు లేరు కనుక?

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. పెద్దమ్మ రాయమంది. నేల సంగతి ఫోనులో చెబితే గాలిమాట అయిపోతుందట, కాగితం మీద పెట్టమంది. అందుకని వంటింటి బల్ల మీది గిన్నెలు పక్కకు నెట్టి కూర్చున్నాను. పెద్దమ్మ పక్క గదిలో పడుకుని, ఎంతవరకు వచ్చావే అని గోడ అవతలి నుంచి అడుగుతోంది. ఇప్పుడే కులాసాలు అయ్యాయన్నాను. కులాసాలకే ఇంతసేపైతే అసలు సంగతి రాసేసరికి నేను ఉంటానో ఉండనో అంది. ఇలాంటి హాస్యాలు ఆడుతోంది కాబట్టి ఆవిడ ఆరోగ్యం గురించి బెంగపెట్టుకోకు. పెట్టుకోవని తెలుసు, అయినా రాయడం మర్యాద.

నువ్వు ఈ ఇల్లు విడిచి చాలా కాలమైంది. కొన్ని సంగతులు మరిచిపోయి ఉంటావు. అందుకే మొదటి నుంచీ చెబుతాను, విసుక్కోకు.

మన పెరటి వెనక, మనకీ వాగుకీ మధ్య తడినేల ఉంది కదా, అడుగేస్తే చెప్పు ఊడి దిగబడే జాగా. అందులో వానగంట మొక్కలు ఉండేవి. మోకాలెత్తు కూడా పెరగవు. చూడటానికి ఏమీ ఉండదు. తొలివాన పడ్డాక మాత్రం తెల్లగా ఒక్కో పువ్వు తల వంచుకుని వేలాడుతుంది, తప్పుచేసిన పిల్లలా. ఒకప్పుడు వాగు పొడుగునా ఉండేవట. రాకాసి గడ్డి వచ్చి అన్నిచోట్లా మింగేసింది. మన నేలలోనే మిగిలాయి. మిగిలాయి అనడం కూడా తప్పే, పెద్దమ్మ మిగిల్చింది. బడిలో పాఠాలు చెప్పి వచ్చి, మనిద్దరికీ జడలు విప్పి, తలలు దువ్వి, ఆ తర్వాత బురదలో కూర్చునేది. మనమ్మ పోయాక మనల్ని పెంచిన చేతులే వాటినీ పెంచాయి. ఎవర్ని ఎక్కువ ముద్దుగా చూసేదో నాకిప్పటికీ అనుమానమే.

చిక్కంతా ఏమిటంటే, లేతగా ఉన్నప్పుడు వానగంటా, రాకాసి గడ్డీ అచ్చం అక్కచెల్లెళ్లలా ఉంటాయి. పక్కపక్కన పెట్టినా పోల్చలేం. ఒకటి గట్టును పట్టుకుని నిలబెడుతుంది, ఇంకొకటి గట్టును తినేస్తుంది. అందుకే పెద్దమ్మ వానగంటలకు ఎర్ర రిబ్బను కట్టేది. మొదటి రిబ్బన్లు నీ జడవే, గుర్తుందా? నువ్వే కత్తెర పట్టుకుని ముక్కలు చేసి, పెద్దమ్మ వెనకాలే తిరుగుతూ కట్టేదానివి. నేనూ కడతానంటే, నీకు ముడి రాదు పోవే అని తోసేసేదానివి. “రిబ్బను కట్టింది చుట్టం, కట్టనిది దొంగ” అని పాట కట్టింది కూడా నువ్వే. ఆ తర్వాత మన విజిల్ మాస్టారు, అదే, డ్రిల్లు నేర్పి నేర్పి రిటైరైనా మెడలోంచి విజిల్ తీయని మనిషి, నేలనీటి సంఘం పెట్టి, నీ పాటనే సంఘం పాట చేశారు. గడ్డి పీకడానికి ఎవరొచ్చినా సరే, వరసలో నిలబెట్టి, పాట చెప్పించి, విజిల్ వేశాకే నడుము వంచనిస్తారు. కలెక్టరు లాంటివాళ్లు వచ్చినా ఇదే వరస. పాట అప్పజెప్పలేకపోతే వెనక్కి పొమ్మంటారు.

ఇంకొక సంగతి మాత్రం నువ్వు మరిచిపోయి ఉండవు. పోయినసారి వచ్చినప్పుడు బావ గోదాము కడదామని ప్యాంటు మడిచి, టేపు పట్టుకుని తడినేల కొలిచాడు. పెద్దమ్మ కిటికీలోంచి చూసి, అల్లుడుగారూ, కొలతలు గోదాముకా నా సమాధికా అని అడిగింది. బావ టేపు చుట్టేసి నవ్వాడు. నువ్వు నవ్వలేదు. ఇంత నేల ఒక పిచ్చిమొక్కకి రాసిచ్చేశావా పెద్దమ్మా అన్నావు. అప్పుడు ఆవిడ అన్న మాట ముగ్గురం విన్నాం. అది అక్కడ బతికినన్నాళ్లూ ఆ నేల దానిది, అది పోయిన్నాడు నీది, గోదాము కట్టుకుంటావో గుర్రాలే మేపుకుంటావో నీ ఇష్టం అంది.

ఇక మీ ఆఫీసు సేవాదినం సంగతి.

రెండు బస్సులు వచ్చాయి. అందరికీ ఆకుపచ్చ టీషర్టులు, వీపు మీద “నేలకు నేనున్నాను” అని అక్షరాలు. నువ్వే ఏర్పాటు చేశావని తెలిసి పెద్దమ్మ పొంగిపోయింది. చూశావుటే, ఎంత దూరం పోయినా మట్టి వాసన పోలేదు దానికి అని వీధంతా చెప్పుకుంది. నువ్వు కూడా వస్తావని నీ గదిలో దుప్పటి మార్చింది. నువ్వు బస్సులదాకా వచ్చి వాళ్లను సాగనంపావట, అంతలో తలనొప్పి వచ్చి ఆగిపోయావట. తగ్గిందా?

బస్సులు చెప్పిన వేళకన్నా చాలా ముందే వచ్చాయి. విజిల్ మాస్టారు ఇంకా దారిలో ఉన్నారు. నేను సంఘం షెడ్డులో చేతితొడుగులు జతలు చేస్తున్నాను. నా సంగతి తెలుసుగా, కాలుకాలిన పిల్లిని, అక్కడ కూడా కుదురుగా ఉండక టీ డబ్బా వెతకడానికి ఇంటికి వచ్చాను. పెద్దమ్మ ఫ్లాస్కుల్లో టీ నింపుతూ, అంతమందికి సరిపోతుందో లేదో అని కంగారు పడుతోంది. మోకాళ్లు పట్టేసిన ఆవిడ నడకతో మేం పెరడు దాటేసరికి అంతా అయిపోయింది.

వాళ్లు రెండు జట్లుగా విడిపోయి పందెం వేసుకున్నారు, ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్లు గెలిచినట్టు. ఫోనులో పాటలు పెట్టుకుని, నవ్వుకుంటూ, చెమటలు కక్కుకుంటూ, రిబ్బను కట్టిన ప్రతి మొక్కనూ వేళ్లతో సహా పీకేశారు. ఒక్కటీ వదల్లేదు. అంత శ్రద్ధగా మన సంఘంవాళ్లు ఏనాడూ పని చేసి ఎరగరు. రాకాసి గడ్డి మాత్రం ఎక్కడిదక్కడే, నిమ్మకు నీరెత్తినట్టుంది.

పెద్దమ్మ ఫ్లాస్కు పట్టుకుని గట్టు మీద ఆగిపోయింది. ఈలోపు మీ ఫోటోగ్రాఫరు, అమ్మగారూ, మా మేడం మీ గురించే చెప్పారు, రండి రండి, మధ్యలో నిలబడండి అన్నాడు. ఆవిడ చేతిలో ఫ్లాస్కు ఎవరో తీసుకున్నారు. గెలిచిన కుప్పలోంచి ఒక కట్ట తీసి పూలగుత్తిలా చేతుల్లో పెట్టారు. రిబ్బన్లు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. నవ్వండమ్మా అన్నాడు. ఆవిడ నవ్వింది. ఎవరైనా అడిగితే కాదనడం రాదు కదా ఆవిడకు. ఆ ఫోటోను మీ ఆఫీసు గోడకు పెద్దది చేసి పెట్టారని విన్నాను. దాని ముందు నుంచే రోజూ నీ గదికి వెళతావేమో. ఈసారి కాస్త ఆగి చూడు, చీర కొంగంతా బురద, ముఖమంతా నవ్వు. ఫోటోకి బాగా పడింది.

విజిల్ మాస్టారు వచ్చేసరికి వాళ్లు టీ తాగుతున్నారు. ఆయన విజిల్ నోట్లో పెట్టుకున్నారు గానీ ఊదలేదు. ఎవరు చెప్పారయ్యా రిబ్బను కట్టినవి పీకమని అని అడిగారు. గుర్తు పెట్టింది పీకడానికే కదండీ, ఎక్కడైనా అంతే కదా అన్నాడొకడు. వాళ్లలో ఒక కళ్లద్దాల అమ్మాయి ఏదో అనబోయి ఊరుకుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బస్సులు వెళ్లాక నేనూ మాస్టారూ కుప్పల్లోంచి ఏరి మళ్లీ నాటాం. సగం వేళ్లు తెగిపోయాయి, సగం బూట్ల కింద నలిగిపోయాయి. పెద్దమ్మ గట్టు మీద కూర్చుని, ఊడిన పన్నును చిగుర్లో పెడితే అతుక్కుంటుందా మాస్టారూ అంది. ఆయన అలాగే నాటుతూ ఉన్నారు. వారం తిరక్కుండా అన్నీ కుళ్లిపోయాయి.

అప్పట్నుంచీ పెద్దమ్మ మంచం దిగడం తగ్గించింది. జ్వరమూ లేదు, నొప్పీ లేదు. డాక్టరమ్మ వచ్చి చూసి, అన్నీ బాగానే ఉన్నాయి, కాస్త పెరట్లోకి తీసుకెళుతుండండి అంది. పెరట్లోకి తీసుకెళితే వాగు కనిపించని వైపు కుర్చీ తిప్పమంటుంది.

నిన్న తొలివాన పడింది. పువ్వు పూసే వాన. పెద్దమ్మ దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగింది. నేను గొడుగేసుకుని వెళ్లాను. పట్టుకునే వేళ్లు లేవు కదా, గట్టు పెచ్చులు పెచ్చులుగా ఊడి వాగులో పడుతోంది. వాగు ఎర్రగా పారుతోంది. మనిద్దరం కూర్చుని ముళ్లు తీసుకునే రాతిబల్ల సగం గాల్లో ఉంది. ఈ లెక్కన నీ నేల రోజురోజుకీ కాస్త తగ్గుతుంది. పునాది తీసేముందు ఒకసారి వాగుతో కూడా మాట్లాడుకోమని బావకు చెప్పు, టేపు తీసుకుని రమ్మను.

నీ నేల అని ఎందుకన్నానంటే, ఇదిగో, ఆవిడ రాయమన్న అసలు సంగతి. మాట ప్రకారం మొక్కలు పోయాయి కాబట్టి తడినేల ఇక నీది. ఎప్పుడొస్తే అప్పుడు సంతకం పెడుతుందట. జరిగినదానిలో ఎవరి తప్పూ లేదట. కొత్తవాళ్లు, తెలియక చేశారు, వాళ్లను ఏమీ అనొద్దని మరీ మరీ రాయమంది. సేవ చేయాలని అంతదూరం పంపిన నీ మనసు మంచిదట. ఎండల్లో తిరగొద్దట, తలనొప్పికి నూనె రాసుకోమంది. వచ్చేముందు చెబితే దుప్పటి మారుస్తుందట. ఇంకేమైనా కావాలా అని ఆవిడను అడిగితే, దాన్ని ఒకసారి చూడాలే అంది. మొక్కల గురించి అనుకున్నాను. నీ గురించట.

మీ ఇద్దరికీ ఆవిడ ఆశీస్సులు. ఇవి నిజంగా ఆవిడవే, నేను కల్పించి రాసినవి కావు.

ఇట్లు,
ముడి రాదు పొమ్మని నువ్వు తోసేసిన
నీ చెల్లెలు

తాజాకలం: పైన రాసిందంతా పెద్దమ్మకు చదివి వినిపించాను. బాగుందంది, అంటించేయమంది. అంటించేముందు ఈ నాలుగు ముక్కలు. ఇవి ఆవిడకు వినిపించలేదు.

మీ కళ్లద్దాల అమ్మాయి పోయిన ఆదివారం ఒక్కతే బస్సెక్కి వచ్చింది. చేతిలో ఏదో కుండీ మొక్క, పాపం, క్షమించమని అడగడానికి. పెద్దమ్మ మంచం పక్కన నిలబడి ఏడుస్తూ చెప్పింది. మేడం బస్సు మెట్ల మీద నిలబడి ఒక పాట నేర్పారండీ, మా అందరితో అప్పజెప్పించుకున్నారు, “రిబ్బను కట్టింది దొంగ, కట్టనిది చుట్టం” అని. విజిల్ వేసుకుని ఒక పెద్దాయన వస్తారు, ఆయనొస్తే పని సాగదు, ఆలోపే కానిచ్చేయండి అన్నారు. మీ అమ్మాయే చెప్పారు కదా అని మేం మారు మాట్లాడలేదండీ అంది. మీ మేడం తొందరలో తిరగేసి చెప్పిందేమోనమ్మా అంది పెద్దమ్మ. లేదండీ, మాలో ఒకరు తప్పు పాడితే ఆపి మళ్లీ పాడించారు అంది ఆ పిల్ల.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆకుపచ్చ టీషర్టు పట్టేసింది.

ఆ పిల్లకు టీ ఇప్పించి పంపాక పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. నాకు తెలిసిందని దానికి తెలియనివ్వకే, తెలిస్తే సిగ్గుపడి ఇక ఈ గడప తొక్కదు, మొక్కలు ఎలాగూ పోయాయి, పిల్లనైనా ఉండనీ అంది. తెలియనివ్వనని మాటిచ్చాను. ఆ తర్వాత చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతూ ఉన్నాయి. నేను చూడనట్టు గిన్నెలు సర్దాను.

ఈ ఇంట్లో మాట మీద నిలబడేది ఆవిడ ఒక్కతే. అందుకే నీకు తెలియజేస్తున్నాను.

రా అక్కా. నేల తీసుకో. ఆవిడ కర్ర పట్టుకుని గేటు దాకా వస్తుంది, నిన్ను చూసి అచ్చం ఆ ఫోటోలోలాగే నవ్వుతుంది. నువ్వూ నవ్వాలి. ఆవిడకు తెలుసని నీకు తెలిసినట్టు కంటిరెప్ప కూడా కదలకూడదు, సంతకం అయ్యేదాకా, టీ తాగేదాకా, మార్చిన దుప్పటి మీద పడుకుని తెల్లవారేదాకా.

మీ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో నేనే తీస్తాను.