ఇది పరీక్ష కాదు, టీచరమ్మ గారూ!

జూన్ 9, సోమవారం

పూజ్యులైన మూడో అంతస్తు టీచరమ్మ గారికి,

నమస్కారాలు. ఈ రోజు మొదటి ఆశ్చర్యం పొద్దున్నే, మీ మేడ నేల అంతస్తులోనే ఎదురైంది. చెవులు వినపడని తాతగారి ముందు కూర్చుని, "తాతగారూ, నేను అయిదు మాటలు చెబుతాను, కాసేపాగి మళ్ళీ నాకు చెప్పాలి" అందామని నోరు తెరిచాను. తెరిచానంతే. ఆయన చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఏనుగు, గొడుగు, నిచ్చెన, ఉప్పు, రైలు" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశారు.

నేనింకా ఒక్క మాటా చెప్పలేదు!

మొదటి అంతస్తులో రిటైరైన పోస్టుమ్యాన్ గారు, ఆయన భార్య ఇద్దరూ ఒకే గొంతుతో అవే మాటలు, అదే వరసలో చెప్పారు. రెండో అంతస్తు వదినగారు ఇంకో అడుగు ముందుకేసి, వెనక నుంచి ముందుకు కూడా చెప్పారు. "మీకు ఏ పనిలోనైనా సాయం కావాలా?" అని అడిగితే మేడ మేడంతా ఒకే జవాబు: "నా పనులు నేనే చేసుకుంటాను, ఎవరికీ భారం కాను." ఒక్క అక్షరం తేడా లేదు.

సాయంత్రాలు మీరు వీళ్ళందరికీ ట్యూషన్ చెబుతున్నారని వాచ్‌మాన్ అన్నాడు. టీచరమ్మ గారూ, ఇది పరీక్ష కాదు. ఆరోగ్య కేంద్రం తరఫున ఈ వీధి మేడల్లోని పెద్దవాళ్ళ ఆరోగ్యం, ఆలనాపాలనా, దైనందిన జీవన సరళి గురించి చేస్తున్న పరిశోధన. నేను అందులో చేరిన విద్యార్థినిని. ఇందులో తప్పు జవాబు అంటూ ఉండదు. వార్ధక్యం అనే మహాసౌధంలోని ప్రతి గవాక్షంలోంచి తొంగిచూడాలన్నదే నా ఆకాంక్ష.

జవాబు రాసి గేటు దగ్గరి మా పెట్టెలో వేయించగలరు.

మీ నిజాయితీని నమ్ముకున్న,
పరిశోధక విద్యార్థిని

తా.క. వచ్చేస్తుంటే తాతగారు నా చెయ్యి పట్టుకుని, "పేపరు ఎప్పుడు దిద్దుతారమ్మా?" అని అడిగారు. నెమ్మదిగా తల ఊపాను. ఆయన సంతోషంగా ఇంకో తెల్లకాగితం అడిగారు.


జూన్ 10, మంగళవారం

చిరంజీవి పరిశోధక అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపుతున్నాను. పదికి ఆరు. అసలు విషయం నాలుగు లైన్లు. మిగిలినదంతా మహాసౌధం, గవాక్షం. మాటలంటే ప్రేమ ఉండాల్సిందే కానీ, అన్నిటినీ ఒకే ఉత్తరంలో పెళ్ళాడకు.

ఇక నీ ప్రశ్న. నా ఉద్యోగమంతా పిల్లలకు పాఠాలు చెప్పడమే. "ఇది పరీక్ష కాదు" అంటూ వచ్చేవాళ్ళు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. చేతిలో గడియారం పట్టుకున్నావు. ప్రశ్న అడిగావు. జవాబుకి టిక్కు పెట్టావు. వదినగారు ఆలోచిస్తుంటే "టైమైపోయిందండీ" అన్నావు. ఇది పరీక్ష కాకపోతే పేరంటమా?

ఎదురు మేడలో టైలరు తల్లి సంగతి మాకు తెలీదనుకోకు. మీవాళ్ళు వచ్చారు, ఇవే ప్రశ్నలు అడిగారు, ఆవిడ తడబడింది. నెల తిరక్కుండా ఆవిడ గదికి తాళం పడింది! ఏ ఆశ్రమంలో పడేశారో దేవుడికెరుక. నా మేడలో ఒక్కరు కూడా తప్పరు. అది నా మాట.

ఇక పేపరు లీకయిందంటావా, ఆ తప్పు మీది. అందరికీ అవే అయిదు మాటలు పెడితే ఎలా? మొదట ఎదురు మేడలో అడిగారు, అవి మా పోస్టుమ్యాన్ చెవిన పడ్డాయి. మాటలు ఇంటింటికీ చేర్చడం ఆయనకు జీవితాంతం అలవాటు.

ఇట్లు,
పట్టిన పట్టు వదలని,
టీచరమ్మ

తా.క. తాతగారు కాస్త మందమే గానీ, కష్టపడే విద్యార్థి. తెల్లకాగితం ఇచ్చి మంచి పని చేశావు. నిరుత్సాహపరచకు.


జూన్ 12, గురువారం

టీచరమ్మ గారికి,

నమస్కారాలు. ఈసారి గవాక్షాలు లేవు.

టైలరు తల్లిగారిని ఎవరూ ఎక్కడా పడేయలేదు. నేనే వెళ్ళి కనుక్కున్నాను. కూతురికి కవల పిల్లలు పుడితే చూడ్డానికి వెళ్ళారు. "మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని టైలరుని అడిగితే, "వాళ్ళు నిద్రపోతే వస్తుంది" అన్నాడు. పోయేటప్పుడు తన గదికి ఆవిడే తాళం వేసుకున్నారట, కొడుకు బట్టల మూటలు పడేస్తాడని.

కాబట్టి భయం వద్దు. కానీ నాకు వేరే భయం పట్టుకుంది. నిన్న మీటింగులో మా ప్రొఫెసరు గారు మీ మేడ కాగితాలు చూసి, "వీళ్ళు పెద్దవాళ్ళా, పందేలకెళ్ళే వాళ్ళా?" అన్నారు. వీధి మొత్తంలో మీ మేడే ఫస్టు. రెండో స్థానం మీ దరిదాపుల్లో లేదు.

ఈ పరిశోధన ఫలితం దేనికి వాడతారో నేను చెప్పకూడదు. చెబితే జవాబులు మారిపోతాయని నియమం. అందుకని ఒక్కటే రాస్తున్నాను: టీచరమ్మ గారూ, ఫస్టు రావడం అన్నిచోట్లా మంచిది కాదు. ఇంతకంటే విప్పి చెప్పలేను.

వచ్చే బుధవారం మళ్ళీ వస్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్పమని అందరికీ చెప్పండి.

మీ మేలు కోరే,
విద్యార్థిని

తా.క. తాతగారు చేతికర్ర చంకలో పెట్టుకుని మెట్లెక్కడం ప్రాక్టీసు చేస్తున్నారని విన్నాను. దయచేసి కర్ర నేలకి ఆనించమనండి. దాన్ని కొన్నది అందుకే.


జూన్ 15, ఆదివారం

అమ్మాయ్,

ఆశీస్సులు తర్వాత. ముందు నేను తల పట్టుకోవడం పూర్తి కావాలి.

నీ "ఫస్టు రావడం మంచిది కాదు" అన్న మాట చదివి, ఎదురు మేడ వాళ్ళు నిన్ను మంచి చేసుకున్నారేమో అనుకున్నాను. అందుకని పట్టుదలగా రెండో బ్యాచి మొదలుపెట్టాను. నిన్న నమూనా పరీక్ష. వాచ్‌మాన్‌కి అట్ట, పెన్సిలు ఇచ్చి నీ వేషం వేయించాను. "అచ్చం ఆ అమ్మాయిలాగే దగ్గాలి" అంటే దగ్గాడు కూడా. మెట్ల ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి వాడు అట్ట కింద పెట్టేసి, "ఎందుకమ్మా ఈ కష్టం? లిఫ్టు వచ్చేస్తే సరిపోయె" అన్నాడు.

"ఏం లిఫ్టురా?"

"అదేనమ్మా, కొలతలు తీసుకోడానికొచ్చిన మనిషి చెప్పాడు. ఈ వీధిలో ఒక్క మేడకే పెడతారంట. ఎక్కడి పెద్దోళ్ళకి మెట్లు కష్టమో ఈ పాప రాసిన కాగితాల్లో చూసి పెడతారంట."

గదిలో అందరూ నా వైపు చూశారు. "మెట్లంటే నాకు సరదా" అనే జవాబు వాళ్ళకి నేర్పింది నేనే. నాకెంత నచ్చిందో ఆ వాక్యం!

సరే. జరిగిందేదో జరిగింది. బుధవారం నువ్వు వస్తున్నావుగా, అది మాకు సప్లిమెంటరీ అనుకుంటాం. ఈసారి నా మేడలో ఒక్కరు కూడా పాసవరు. అది కూడా నా మాటే.

ఇట్లు,
సిలబస్ మార్చిన,
టీచరమ్మ

తా.క. రానివాడిని పాస్ చేయించడం తేలిక. వచ్చినవాడిని ఫెయిల్ చేయించడానికి తలప్రాణం తోకకొస్తోంది. తాతగారు ఆ అయిదు మాటలు ఎంత ప్రయత్నించినా మర్చిపోలేకపోతున్నారు.


జూన్ 18, బుధవారం మధ్యాహ్నం

టీచరమ్మ గారికి,

నమస్కారాలు పెట్టే ఓపిక కూడా లేదు, అయినా పెడుతున్నాను.

పొద్దున మీ మేడలో అడుగుపెడితే మూలుగులు. తాతగారు తలకి కట్టు కట్టుకుని పడుకుని ఉన్నారు. మాటలు గుర్తున్నాయా అని కాగితం మీద రాసి చూపించాను. "ఏనుగు గుర్తులేదు. గొడుగు గుర్తులేదు. నిచ్చెన గుర్తులేదు. ఉప్పు గుర్తులేదు. రైలు అసలు గుర్తులేదు" అన్నారు.

పోస్టుమ్యాన్ గారు భార్యని చూపించి, "ఈవిడెవరో నేనెరగను" అన్నారు. ఆవిడ "అయ్యో, గుర్తుపట్టకపోవడం నా వంతు కదండీ, మీది మోకాలు కదా!" అని ఆయన మీద విరుచుకుపడ్డారు. "ఇన్నేళ్ళలో ఒక్క పనైనా చెప్పినట్టు చేశారా?" అని ఆవిడ, "తెలీని మనిషివి, నా మీద అరవకు" అని ఆయన. రెండో అంతస్తు వదినగారు నాకోసం బరువు కుర్చీ ఒక్క చేత్తో మోసుకొచ్చి, కూర్చోబెట్టి, ఆ చెయ్యే పైకి లేవడంలేదన్నారు.

నేనేం చేయను? చెప్పింది చెప్పినట్టే రాసుకెళ్ళాను. మా ప్రొఫెసరు గారు చూసి లేచి నిలబడ్డారు. "పది రోజుల్లో మేడంతా ఇలా కూలిపోయిందంటే నీళ్ళలో ఏదో కలిసింది!" అని ఫోన్లు చేశారు. నీళ్ళ శాఖ బూట్ల మనుషులు వచ్చి, కుళాయిలు కట్టేసి, సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళిన సంగతి మీకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది. వాళ్ళ వెనకే తాతగారు కట్టు ఊడదీసుకుని, బిందెతో ఎదురు మేడకి వెళ్ళడం కూడా, గేటు దాకా వచ్చిన మా ప్రొఫెసరు గారు కళ్ళారా చూశారు.

ఇప్పుడాయన అంటున్నదేమిటంటే, ఈ జవాబులన్నీ ఇంట్లో కూర్చుని నేనే కల్పించానని. రేపు పొద్దున తనే స్వయంగా మీ తలుపులు తడతారట. వచ్చి, మీ మేడ పేరు పరిశోధనలోంచి కొట్టేస్తారు. దాంతోపాటు నన్నూ.

నా సంగతి అలా ఉంచండి. మీవాళ్ళ ముందు రెండుసార్లు కూర్చున్నాను. ఎవరికి ఏ మెట్టు దగ్గర ఆయాసం వస్తుందో, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుంటారో, ఏ పని మానేశారో ఒక్కటీ తెలీదు నాకు. తెలుసుకోవడానికే కదా ఈ పనిలో చేరింది. లిఫ్టు రావాలన్నా నాకు కావలసింది అదే. మంచి జవాబు వద్దు, చెడ్డ జవాబు వద్దు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నిజం చెబితే చాలు.

ఇట్లు,
విద్యార్థిని

తా.క. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయట. వీధి మొత్తంలో మీ నీళ్ళే ఫస్టు.


జూన్ 18, బుధవారం సాయంత్రం

అమ్మాయ్,

ఆశీస్సులు. నీ ఉత్తరానికి పదికి పది. ఎర్ర సిరా సీసాకి మూత కూడా తీయలేదు.

ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. ట్యూషన్ రద్దు చేశాను. ఎవరి సంగతి వాళ్ళనే చెప్పమన్నాను. విన్నాక తెలిసింది, ఇన్నాళ్ళూ పాఠాలు చెబుతూ నేను వీళ్ళని ఏమీ అడగలేదని. పోస్టుమ్యాన్‌కి ఎడమ మోకాలు, భార్యకి కుడి మోకాలు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని దిగితే ఒక మనిషి దిగినట్టు. పోట్లాడుకున్న రోజు బజారు లేదు. వదినగారు నీతో అన్నది నిజం. కుర్చీ మోస్తుంది, కానీ ఆ చెయ్యి భుజం దాటి పైకి రాదు. పక్క వాటా ఆమె వచ్చి తల దువ్వుతుంది. తాతగారు ఎవరూ పలకరించడంలేదని బెంగపడుతున్నాడు. పలకరిస్తే వినపడక ఇంకా బెంగపడుతున్నాడు. నా ట్యూషన్‌కి రోజూ ముందొచ్చి కూర్చునేది అందుకట.

అందరూ చెప్పేశాక తాతగారే అడిగాడు, "టీచరమ్మా, మరి మీరో?" అని.

నేను ఈ మేడ దిగి రెండు వానాకాలాలు దాటిపోయాయమ్మా. కళ్ళు తిరిగి ఒకసారి మెట్ల మలుపు దగ్గర కూలబడ్డాను. ఎవరూ చూడలేదు. అప్పటినుంచి కూరలు బుట్టలో, తాడుకట్టి పైకి లాక్కుంటున్నాను. గదిలో చదును నేల మీద నీ ముందు చకచకా నడిచాను, నువ్వు టిక్కు పెట్టావు. మెట్ల గురించి అడిగితే, "నీకంటే ముందే దిగుతాను" అన్నాను, దానికీ పెట్టావు. మెట్లెలా దిగాలో ఊరందరికీ కుర్చీలో కూర్చుని నేర్పాను. దిగి చూపించమని టీచరుని ఎవరడుగుతారు? చెబితే నన్ను నా గదిలోంచి కదిలిస్తారని భయం. టైలరు తల్లి తాళం చూసి నేను అంత అల్లరి చేసింది కూడా ఆ భయంతోనే.

ఇదంతా తాతగారికి చెప్పాను. ఆయనకి ఒక్క ముక్క వినపడలేదు. మిగతావాళ్ళకి వినపడింది.

రేపు పొద్దున మీ ప్రొఫెసరు గారు వచ్చినప్పుడు మా తలుపులు తట్టనివ్వకు. కింద, ఆఖరి మెట్టుకి ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టు. నువ్వు అట్ట, పెన్సిలు పట్టుకుని పైకి నా గుమ్మం దగ్గరికి రా. గడియారం కూడా తెచ్చుకో, ఈసారి నేనేమీ అనను. నేను దిగుతాను. ముందు పోస్టుమ్యాన్ దంపతులు, వెనక వదినగారు, మలుపు మలుపుకీ వాచ్‌మాన్ ఒక స్టూలు పెడతాడు. నేను ఎక్కడ ఆగితే అక్కడ ఆగానని రాయి. ఎక్కడ కూర్చుంటే అక్కడ కూర్చున్నానని రాయి. నువ్వు కల్పించావో లేదో ఆయన కళ్ళతోనే చూస్తాడు. నేను భయపడితే, ఆ మాట కూడా రాయి. పెద్ద మాట వెతక్కు, "భయపడింది" అని రాస్తే చాలు.

ఇట్లు,
రేపు పరీక్షకి కూర్చోబోయే,
టీచరమ్మ

తా.క. ప్రొఫెసరు గారిని కడుపునిండా తిని రమ్మను. నేను కిందికి చేరేసరికి ఆయనకి మళ్ళీ ఆకలేస్తుంది.