తిరగేసిన గుడ్డ

అక్కా,

కుట్టుషాపులో కుదురుకున్నాను, బెంగపడకు. నిన్న ఒకావిడ కూతురి యూనిఫాం ధర విని గుమ్మంలోనే నీరుగారిపోయింది. సోమవారానికి కొత్తది లేకపోతే పిల్లను బడిలోకి రానివ్వరట. మా టైలరు మాస్టారు, "పాతది ఇటు తేమ్మా" అన్నారు. వెలిసిపోయిన ఆ గౌను కుట్లన్నీ విప్పి, గుడ్డ తిరగేసి, అంచు మడత వదిలి పొడవు చేసి మళ్లీ కుట్టారు. లోపలివైపు రంగు కొత్త తానులా నిగనిగలాడింది! "ఇది మా పిల్లదేనా?" అని ఆవిడ తడిమి తడిమి చూసుకుంది. కూలి ఎంతంటే, "గుడ్డ నీదే, దారం ఒక్కటే నాదమ్మా" అన్నారాయన.

అమ్మ మోకాలు ఎలా ఉంది? బుజ్జిదాని పాత యూనిఫాం పారెయ్యకు, కొలతలతో పంపు. ఈ విద్య నాకూ నేర్పుతానన్నారు మాస్టారు. మొదట దానిదే తిరగేస్తాను. బావగారికి నమస్కారాలు.

నీ చెల్లి