కొయితా అంటే ఎందరు?

జనవరి 1996, శుక్రవారం

బడి గోడ మీద రంగుతో ఊరి వివరాలు రాయడం ఇవాళ్టికి అయిపోయింది. ఉత్తరాన గోదావరి, అవతల మహారాష్ట్ర, మన నేలలోకి చెరకు వచ్చిన కథ. చివర జనాభా. చెరకు నరకడానికి మరాఠ్వాడా నుంచి వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్లు ఎందరని సర్పంచుని అడిగితే, "ఇరవై కొయితాలు, టీచరమ్మా" అన్నాడు. కొయితా అంటే నరికే కత్తి. కత్తికొక మనిషనుకుని ఇరవై కలిపేశాను.

సాయంత్రం ఆ గుడిసెల్లోని శాంతాబాయి చంటిపిల్లనెత్తుకుని బోరింగుకి వచ్చింది. ఏటా వచ్చి మన మాట నేర్చింది. "మీ ఇరవై మందినీ గోడ మీద కలిపాను" అన్నాను గొప్పగా. నవ్వింది.

"ఆయన నరుకుతడు, నేను మోపులు కడత. ఇద్దరం కలిస్తేనే ఒక కొయితా, మేడం."

"మరి పిల్ల?"

"పిల్ల ఏ కొయితాల రాదు."

సర్పంచుకి చెబితే, "ఎండకాలం రాంగనే పోయేటోళ్లే గదా, ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. పోతారు, నిజమే. ఉన్నన్నాళ్లయినా...

లేదు, ఆ ఇరవై చెరిపేస్తాను. కిరసనాయిలు సీసా, పాతగుడ్డ సంచిలో పెట్టేశాను. ఈసారి గుడిసె గుడిసెకీ నేనే పోతాను.

ఆ పిల్ల పేరు నేనూ అడగలేదు. రేపు మొదట అదే.