ఫోటోలో ఆ లావుపాటిది

స్పార్ కోవ్ రేవు అధికారి బేసిల్ నికిల్ గారికి, ఒంటారియో నుంచి వెర్నా నమస్కారాలు.

నవంబరు ఆఖరి సోమవారం మీ ఊళ్లో పడవలన్నీ లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే బోనులు నింపుకుని ఒక్కసారే బయల్దేరతాయట కదా. అది చూడాలని మా ఆయన ఆర్విల్‌కి ఎన్నాళ్లుగానో కోరిక. వచ్చే వేసవికి ఆయన చూపు పూర్తిగా పోతుందని డాక్టరు తేల్చేశాడు. అందుకని మేం వండుకుని పడుకునే మా ఇంటిబండిని ఆ రోజు రేవు మీదే ఆపుకోనివ్వండి. కాదంటే ఊరుకునే మనిషిని కాను.

వెర్నా హాఫ్‌స్టెటర్

తా.క. ఫోటో పంపుతున్నాను. మా ఆయన, మా కుక్క రస్టీ, మా బండి. బండి మీద బొమ్మ మా పెర్ల్‌ది. జిల్లా సంతలో మూడేళ్లు వరసగా మొదటి బహుమతి!

వెర్నా గారికి,

తప్పకుండా రండి. కానీ ఫోటోలో ఉన్న ఆ లావుపాటిది మాత్రం రేవులో కనబడకూడదు. దాన్ని చూస్తే మా కెప్టెన్లు పడవ తాడు కూడా విప్పరు.

ఇట్లు, బేసిల్ నికిల్

తా.క. దాని పేరు రేవులో ఎవరం అనం, రాయం. పడవకి కీడు. మీకే అర్థమవుతుంది.

బేసిల్ గారూ, మీకో దండం!

పదమూడేళ్ల ముసలి కుక్క మీ పడవల్ని ఏం చేస్తుందండీ? సరే, ఆర్విల్ కోసం రస్టీని మా చెల్లెలింట్లో దింపాను. వాడు గుమ్మంలో ఏడుస్తున్నాడు, నేను బండిలో ఏడుస్తున్నాను. మేం మాత్రం వచ్చి తీరతాం.

వెర్నా

తా.క. వాడు లావు కాదు. బొచ్చెక్కువ.

అయ్యయ్యో, వెర్నా గారూ!

కుక్క కాదమ్మా! కుక్కని తెచ్చుకోండి. నేనన్నది ఆ రెండోదాన్ని. గులాబీ రంగు బుగ్గలు, వేలాడే చెవులు, ఇకిలిస్తోందే, అది. ఫోటో చూసి మా పెద్ద కెప్టెన్ టీ సగంలో వదిలేసి ఇంటికెళ్లిపోయాడు.

బేసిల్

తా.క. ముఖం కనబడకుండా ఏ దుప్పటో కప్పి తీసుకురండి, చాలు.

ఏమయ్యా బేసిల్,

గౌరవాలు అయిపోయాయి. మనిషిని పట్టుకుని ‘అది’ అంటారా? నలభై ఎనిమిదేళ్లు కాపురం చేసిన మొగుణ్ణి దుప్పటి కప్పి తీసుకురావాలా? దుప్పట్లోంచి పడవలెలా చూస్తాడయ్యా? మీరు గేటు మూస్తే గేటుతో సహా లోపలికొస్తాను.

ఆర్విల్ భార్య వెర్నా

తా.క. ఆయన పొద్దుట్నుంచీ అద్దంలో చెవులు చూసుకుంటున్నాడు.

అమ్మా, తల్లీ!

మీ ఆయన కాదు! బండి మీది బొమ్మ! వంకర తోకది, బురదలో పొర్లేది! దాన్ని కప్పండి!

మీ బేసిల్

తా.క. ఆర్విల్ గారి చెవులు చక్కగా ఉన్నాయి.

బేసిల్ గారికి, దారిలోంచి వెర్నా రాస్తున్నాను.

సోమవారం పొగమంచులో బయల్దేరే పడవ ఒక్కటీ ఆర్విల్‌కి కనబడలేదు. ప్రాణం ఉసూరుమంది. మంచు విడేసరికి గాలికి బొమ్మ మీద కప్పిన దుప్పటి ఎగరడం, పెర్ల్‌ని చూసి పడవలన్నీ వెనక్కి తిరగడం మీ కళ్లెదుటే జరిగింది. మీ కెప్టెన్లు తిడుతూనే పడవల రంగు తెచ్చి పెర్ల్ బొమ్మ మీద పూసి తిమింగలం చేసేశారు. మంగళవారం మంచి ఎండలో మళ్లీ బయల్దేరారు. ఆర్విల్ ఒక్కొక్క పడవ పేరూ పైకి చదివాడు. "చాలు వెర్నా, చూసేశాను," అన్నాడు. చెల్లెలింటి నుంచి మళ్లీ తెచ్చుకున్న రస్టీని పట్టుకుని నేను ఏడ్చేశాను. మీ మేలు మరిచిపోను.

వెర్నా

తా.క. రేవు దాటి వంద మైళ్లొచ్చాం, ఇక ధైర్యంగా రాస్తున్నాను. నలభై ఏళ్లు పందుల్ని పెంచినదాన్ని, ఆ మాంసం రుచి నాకు తెలీదా? మీ ఆవిడ దారికి కట్టిచ్చిన రొట్టెల్లో ఉన్నది అదే. అక్కడే ఒక ముక్క రుచి చూసి అడిగితే నవ్వేసింది. ముప్పై ఏళ్లుగా కోడి అని చెప్పి రోజూ మీ భోజనం డబ్బాలో పెట్టి రేవుకి పంపేది కూడా అదేనట.