నత్త ఊపిరి తీసుకునే చోటు

నవంబరు 17, ఆదివారం
కూడిక అయ్యాక, పనిబల్ల దగ్గర కూర్చుని

నా తోడబుట్టినవాడా,

మట్టిలోకి ఊపిరి ఊదినవాడి పేరట నీ అక్క వందనాలు. ఇక్కడ నేను కులాసా. నీ నత్తలు మూడూ కులాసా. నువ్వెలా ఉన్నావని అడిగితే చీటీ మీద ఏం రాసి పంపుతావో తెలుసు కాబట్టి అడగను. బతికి ఉన్నావు. ఆ ఒక్కదానికే రోజూ మోకాళ్ళ మీద పడుతున్నాను.

నర్సమ్మ చేత నువ్వు పంపిన చీటీ అందింది. చూడ్డానికి రావద్దన్నావు. నత్తల్ని ఎవరికైనా ఇచ్చెయ్యమన్నావు. నన్ను అడక్కుండా నా గొంతు కోసి పారేసిన ఆ డాక్టరు మొహం చూడను, ఆయన నేర్పే మాట నాకక్కర్లేదు అన్నావు. కూడికలో పాట ఎత్తేవాడివి నువ్వు. నీ కోపం నాకర్థం కాదనుకోకు. కానీ ఆయన నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. మెడలో అమర్చే చిన్న బిళ్ళ ఏదో ఉందట, దానితో మాట పలికించడం నేర్పుతారట, ఇప్పుడు మొదలుపెట్టకపోతే తర్వాత చాలా కష్టమట. మీ తమ్ముడు నన్ను చూడగానే గోడవైపు తిరిగిపోతున్నాడమ్మా, నేనేం చెయ్యను అన్నాడు. ఆ గొంతులో విసుగు లేదురా. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ సంగతికి వస్తాను. ముందు నీ నత్తల కబురు విను. నీకు తెలుసుగా, ఇంత ఉపోద్ఘాతం లేకపోతే నాకు అసలు మాట పెగలదు.

నువ్వు ఆసుపత్రిలో చేరిన కొత్తలో ఆ గాజు తొట్టి వైపు నేను తిరిగి కూడా చూడలేదు. దోసకాయ ముక్క పడెయ్యడం, మూత పెట్టడం, చెయ్యి కడుక్కోవడం. నేలమీద పాకేవి అపవిత్రమని లేఖనంలో ఉన్నది నాకు కంఠస్థం, అది చాలనుకున్నాను. ఒక ఉదయం పెద్దది, నీ దొరసాని, గాజు మీదికి ఎక్కి ఉంది. ఒంటి నిండా పిండి రాలినట్టు తెల్లటి చుక్కలు. తుడుద్దామని గుడ్డ తీస్తే ఆ చుక్కలు పరుగెత్తాయి! ఎత్తుకెళ్ళి, నేను కట్టుడు పళ్ళ సెట్లు అరగదీసే బల్ల మీది దీపం కింద భూతద్దంతో చూశాను. నల్లిరా. తెల్లనల్లి. మొక్కలకి పట్టినట్టే నత్తకీ పడుతుందని నాకేం తెలుసు? ఇంకోవైపు మట్టిలోంచి చిరుదోమలు, మూత తీస్తే పొగలా లేస్తున్నాయి.

నాకు తెలిసిన మార్గం ఒక్కటే కదా, యుద్ధం. తొట్టిలో మట్టి, ఆకులు, నువ్వు ఎక్కడెక్కడి నుంచో ఏరి తెచ్చిన పుచ్చు బెరడు, అన్నీ ఎత్తి మన కొలిమిలో పెట్టాను. వంటింటి పొయ్యిలో కాదు. పంటి తొడుగుల అచ్చుల్లోంచి మైనాన్ని ఆవిరి చేసే కొలిమిలో. లేఖనంలో రాజుకి కోపమొచ్చి ఏడంతలు వేడి చేయించిన ఆ అగ్నిగుండంలోంచి ముగ్గురు యువకులు వెంట్రుక కాలకుండా నడిచొచ్చారు. నా కొలిమిలోంచి ఏదీ నడిచిరాలేదు. గాజుని మరిగే నీళ్ళతో తోమాను. నత్తల్ని గోరువెచ్చని నీళ్ళలో కడిగాను, పళ్ళు మెరుగుపెట్టే మెత్తని కుంచెతో. కాలి బూడిదరంగు తేలిన ఆ మట్టే మళ్ళీ పోసి, తడిపి, వాటిని దించాను. అద్దంలా ఉంది తొట్టి. ఆ ఆదివారం శుద్ధి మీద ప్రసంగం చేశాను. కిటికీ రెక్కలు అదిరాయని అన్నారు.

తర్వాతి వారం ఏమైందంటే, ఆ మట్టి మీద తెల్లగా బూజు పరుచుకుంది. ఆ బూజు మీద చిరుదోమలు, మునుపటికంటే ఎన్నింతలో! పనిగదిలోంచి పక్కనున్న కూడిక గదిలోకి వచ్చేశాయి. నేను వేదిక మీద నిలబడి, లేఖనంలోని మొండి రాజు దేశంలో నేలమీది ధూళంతా ప్రాణంతో లేచిన ఆ తెగులు గురించి నోరంతా తెరిచి గర్జిస్తున్నాను. సరిగ్గా ధూళి అన్న మాట దగ్గర ఒక దోమ తిన్నగా లోపలికి వెళ్ళింది. దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ముందు వరసలోంచి బోసి పెద్దమ్మ లేచి, అమ్మాయ్, ప్రసంగం బాగుంది గానీ తెగులు కూడా పట్టుకొచ్చి చూపించాలటే అంది. గది గదంతా గొల్లుమంది. నేను కట్టిచ్చిన పళ్ళతోనే నన్ను కొరుకుతుంది ఆవిడ.

మర్నాడు, నువ్వు తొట్టి కొన్న అలంకార చేపల దుకాణానికి వెళ్ళాను. చేపలమ్మ అంతా విని, ఎంత మంటలో పెట్టారేంటి అని అడిగింది. చెప్పాను. ఆవిడ వలబుట్ట పక్కన పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుని నవ్వింది. మట్టిని కాల్చారా చంపారా అమ్మగారూ, అందులో బూజు తినేవి ఉంటాయి, దోమపిల్లల్ని తినేవి ఉంటాయి, కాపలావాళ్ళందర్నీ మీరే తగలెట్టి, తలుపు బార్లా తీసిపెట్టి, దొంగలొచ్చారో అని ఏడిస్తే ఎట్లా అంది.

తమ్ముడూ, నేను అక్కడే ముక్కాలిపీట మీద కూలబడ్డాను. అపవిత్రాత్మ వెళ్ళిపోయాక ఊడ్చి, అమర్చి, ఖాళీగా ఉంచిన ఇల్లు. అది తిరిగొచ్చి చూసి, తనకంటే చెడ్డవాటిని ఏడింటిని వెంటబెట్టుకుని చేరిన ఇల్లు. ఆ ఉపమానం మీద ఎన్నిసార్లు మాట్లాడానో! ఎదుటివాళ్ళ గుండెలకే గురిపెట్టాను. అది అక్షరాలా మట్టి సంగతి కూడానని, ఖాళీ అనేదాన్ని ఈ సృష్టి ఒక్క వారం కూడా ఓర్చుకోదని, ఒక్కసారీ తట్టలేదు.

ఆవిడ తన తొట్లలోంచి ఒక డబ్బాడు బతికున్న మట్టి ఇచ్చింది. దానితోపాటు ఇంకో చిన్న డబ్బా. మూత తీసి చూస్తే రంపపు పొట్టు. ఏముంది ఇందులో అన్నాను. నల్లి అంది. ఉన్న నల్లి చాలదా అన్నాను. ఇది మంచి నల్లి, మట్టిలో తిరుగుతూ ఆ చెడ్డదాన్నీ, దోమపిల్లల్నీ తింటుంది, నత్త జోలికి పోదు అంది. నాకేం కనిపించడం లేదే అన్నాను. ఉన్నాయి, నమ్మండి అంది. కనిపించనిదాన్ని నమ్మి డబ్బా పట్టుకుపోవడమేమిటమ్మా అన్నాను. మీరు ప్రతి ఆదివారం జనానికి చెప్పేదదేగా అంది!

నోరు మూసుకుని డబ్బా పట్టుకొచ్చాను. నా నోరు మూయించినవాళ్ళు లోకంలో ఇద్దరే, బోసి పెద్దమ్మా ఈవిడా.

ఆవిడ చెప్పినట్టే చేశాను. పురుగుమందు ముట్టుకోలేదు, కొడితే నత్తే ముందు పోతుందట. తిని వదిలిన ముక్క పొద్దున్నే తీసేస్తున్నాను. మట్టి పైపొర కాస్త ఆరనిస్తున్నాను. పొట్టు చల్లి, దీపం దగ్గరికి లాగి, భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత మట్టి బెడ్డ వెనకనుంచి లేత గోధుమరంగుది ఒకటి వచ్చింది. గసగసాల గింజ దాని ముందు కొండ. అది ఆగింది, ముందుకాళ్ళతో తడిమింది, చటుక్కున ఒక తెల్లదాన్ని పట్టి ఈడ్చుకుపోయింది. అంత చిన్న ఒంట్లో ఆకలి, వేట, దారి గుర్తు! తెగుళ్ళు పడిన ఆ మొండి రాజు దగ్గరి మాంత్రికులు నీళ్ళని రక్తంలా చూపించారు, కప్పల్ని రప్పించారు, తీరా ఈ అణువంత ప్రాణి దగ్గరికొచ్చేసరికి మావల్ల కాదని చేతులెత్తేశారు. ఎందుకెత్తేశారో ఆ దీపం కింద నాకు తెలిసింది. పెద్దవి చేసినవాడికి మొక్కడం అలవాటే మనకి. ఇంత చిన్నవి చేసినవాడి ముందు మొక్కడానికి కూడా భయమేసింది.

ఇప్పుడు నీకు చెప్పాలనుకున్న అసలు మాట. దొరసాని ఒంటిమీది తెల్లనల్లి తగ్గినట్టే తగ్గి మళ్ళీ కనిపిస్తోంది. ఎక్కడ దాక్కుంటోందో పట్టుకుందామని ఒకదాని వెంటే భూతద్దం జరిపాను. అది గుల్ల అంచు వెంబడి కుడిపక్కకి పరుగెత్తింది. అక్కడ ఒళ్ళు తెరుచుకుంది! చిన్న గుండ్రటి రంధ్రం. నల్లి అందులోకి దూరింది. నేను కుర్చీలోంచి లేచిపోయాను, ఏదో పుండు పడింది, నా చేతుల్లో నీ దొరసాని పోతోందని. చూస్తుండగానే ఆ రంధ్రం మూసుకుంది, అతుకు కూడా తెలియకుండా. మళ్ళీ మెల్లగా తెరుచుకుంది. చేపలమ్మకి ఫోన్ చేసి చెప్పాను. పుండేంటి అమ్మగారూ, దాని ఊపిరి అదేగా అంది. లోపల దాక్కున్నవి బయటికొచ్చినప్పుడల్లా తడి కుంచెతో తీసెయ్యండి, ఓపిక పట్టాలి అంది.

అప్పటినుంచి ప్రతి ఉదయం అదే నా పని. సెట్లకోసం వచ్చినవాళ్ళు బోసినోళ్ళతో బయట కూర్చుంటున్నారు, నేను లోపల నత్త పక్కన కుంచె పట్టుకుని కూర్చుంటున్నాను. అది తెరుచుకునేదాకా ఆగడం, అంచు తుడవడం, మూసుకోనివ్వడం. మనిషికి నాసికలో ఊపిరి ఊదాడని చిన్నప్పటినుంచీ చదువుతున్నాం. దొరసానికి ఎక్కడ ఊదాడో ఏ వచనమూ చెప్పలేదు. ఆమె పక్కవైపు వంగి ఊదాడు తమ్ముడూ! అంతటివాడు, నేలదాకా వంగి, కుడిపక్కకి తిరిగి, అక్కడ నోరు పెట్టి ఊదాడు. కీర్తనకారుడు నత్తని కరిగిపోయే బతుకుకి పోలికగా పెట్టాడు. ఆయన ఆ రంధ్రాన్ని చూసి ఉండడు. చూసి ఉంటే ఆ పాట అక్కడితో ఆపేవాడు కాదు.

ఒరేయ్, ఆరోజు ఆసుపత్రిలో నీ మెడకట్టు విప్పినప్పుడు నేను ముఖం తిప్పుకున్నాను. అది నువ్వు చూశావు. అందుకే రావద్దన్నావు, నాకు తెలుసు. గొంతు తీశాక నువ్వు ఊపిరి తీసుకోవడానికి మెడలో పెట్టిన ఆ రంధ్రంలో అప్పుడు నా కంటికి గాయం కనిపించింది. ఊపిరి కనిపించలేదు. ఇప్పుడైతే నీ మంచం పక్కన కూర్చుని, రోజూ పొద్దున్నే దొరసాని దగ్గర కుంచె పట్టుకున్నట్టే, నీ మెడ తుడవగలను.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను, ఇది నా వృత్తి సంగతి. గాజుకి లోపలివైపు పల్చగా పిండి జావ రాసి, ఇవతలినుంచి భూతద్దంతో దొరసాని నోరు చూశాను. పళ్ళురా! నాలుక నిండా వరసలు వరసలు, వేలకొద్దీ, అన్నీ ఒకే వాలు. ముందువి అరిగితే వెనకవి జరిగొస్తాయట, మళ్ళీ కొత్తవి మొలుస్తాయట. మైనంలో పైవరస నిలబెట్టడానికి నాకు రోజంతా పడుతుంది, అయినా ఒకటి వంకరొస్తుంది. బూడిదలో కూర్చున్న ఆ నీతిమంతుణ్ణి దేవుడు సుడిగాలిలోంచి ఎన్నో అడిగాడు, సముద్రానికి తలుపులు పెట్టిందెవరు, మంచు కొట్లు చూశావా అని. నత్త పళ్ళు లెక్కపెట్టావా అని అడగలేదు. అడిగితే మనిషి మరీ చిన్నబోతాడని వదిలేశాడేమో.

ఈరోజు తొట్టిని కూడిక గదిలోకి తెచ్చి వేదిక మీద పెట్టాను. ప్రసంగం చెయ్యలేదు. భూతద్దం చేతికిచ్చి ఒక్కొక్కరినే రమ్మన్నాను. బోసి పెద్దమ్మ చాలాసేపు చూసి, నాకిట్లాంటి సెట్టు కట్టలేకపోయావేమే అంది. అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. అప్పుడు వినిపించింది, దొరసాని గాజు మీది జావని గీకుతున్న చప్పుడు. గోటితో కాగితం గీరినట్టు, అంతే. ఎవరూ పాట ఎత్తలేదు. కానీ అది ఆరాధనేరా. ఇన్నేళ్ళు అరిచినదాన్ని, నాకు తెలుస్తుంది.

మందులు మానకు. గొట్టంలోంచి పోసే జావనైనా తిట్టుకుంటూనే పోయించుకో.

నీ క్షేమం కోసం దేవుడి చెవి కొరికేస్తున్న
నీ అక్క

తా.క. నిన్ను అడక్కుండా డాక్టరు నీ గొంతు తీశాడన్నావు. నువ్వు మత్తులో ఉన్నావు, నిన్నెలా అడుగుతాడు? ఆపరేషను మధ్యలో తలుపు తీసుకుని బయటికొచ్చి నన్నడిగాడు. రోగం అనుకున్నదానికంటే లోపలికి పాకింది, గొంతు ఉంచితే మనిషి దక్కడు, కుట్టేసి మీ తమ్ముడు లేచాక అడగమంటారా, ఇప్పుడే తీసెయ్యమంటారా, ఆగితే మాత్రం నేను హామీ ఇవ్వలేను అన్నాడు. తాళంచెవి కనిపించకపోయినా మోకరించేదాన్ని నేను. ఆ నిమిషాన ప్రార్థన చెయ్యలేదు. ఒక్క వచనం గుర్తు రాలేదు. తియ్యండి అన్నాను. బాగా ఆలోచించుకోండి అన్నాడు. తియ్యండి అని అరిచాను. తర్వాత నీకు చెప్పొద్దని ఆయన కాళ్ళావేళ్ళా పడిందీ నేనే. నీ కోపమంతా ఆయన ఇన్నాళ్ళూ ఊరికే మోస్తున్నాడు. నీ పాట తీయించింది మీ అక్క. ఇప్పుడొచ్చి అడిగినా అదే చెబుతుంది. కాబట్టి గోడవైపు తిరగాల్సొస్తే నన్ను చూసి తిరుగు, ఆయన్ని చూసి కాదు. బుధవారం ఆయన వస్తాడు, లేచి కూర్చో. నన్ను తిట్టాలంటే నీకు మాట కావాలి. నేర్చుకుని తిట్టు. వింటాను.