ఎముకల పెట్టెలో నీ చీర

అమ్మా,

అనాటమీ పరీక్ష పాసయ్యాను. ఇవాళ నా ఎముకల పెట్టెను ఒక జూనియర్ అమ్మాయికి ఇచ్చేశాను. మా మెడికల్ కాలేజీలో చదువు కోసం వాడే మనిషి ఎముకలు అలాగే చేతులు మారుతుంటాయి.

ఆ పెట్టెను నాంపల్లి ఇంటికి తెచ్చిన రోజు నన్ను గుమ్మంలోనే ఆపి, "ఆడమనిషా, మొగమనిషా?" అని అడిగావు. ల్యాబ్‌లో నేర్పినట్టు కటి ఎముక చూసి, ఆడమనిషే అన్నాను. నువ్వు కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, నీ నీలం నూలు చీర తెచ్చి కప్పావు.

"ఆడమనిషిని బట్ట లేకుండ ఎట్ల పండవెడ్తం బిడ్డా?" అన్నావు. నేను నవ్వాను. రోజూ నా చదువయ్యాక, చీర సరిగా కప్పానో లేదో చూసేదానివి.

నువ్వు పోయాక నీ చీరలన్నీ మెదక్ నుంచి వచ్చిన పిన్నులు పంచుకున్నారు. పెట్టె సంగతి వాళ్లకు తెలియదు కాబట్టి అందులోని నీలం చీర ఒక్కటి మిగిలింది.

ఇవాళ అబిడ్స్ బస్టాపులో ఆ జూనియర్ అమ్మాయి పెట్టె మూత కొంచెం ఎత్తి చూసి, "అక్కా, గీ చీర మీదేమో, మరిచిపోయిన్రు" అంది.

"ఉండనీ, అది ఆమె చీర" అని లోపలి ఎముకలను చూపించాను.

చదువయ్యాక సరిగా కప్పమని చెప్పి బస్సెక్కించాను.